లేజర్ రిసీవర్: గెయిన్ తగ్గిస్తే అరుస్తోంది, పగలైతే గుడ్డిదవుతోంది

#1 డాబా_లేజర్ (రాజమండ్రి), రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఈసీఈ ఫైనలియర్. మా డాబా మీద నుంచి వీధి చివర ఫ్రెండ్ వాళ్ళ డాబా మీదకి ఎర్ర లేజర్‌తో డేటా పంపడం మా ప్రాజెక్టు. దూరం 120 మీటర్లు, ఫోన్ మ్యాప్‌లో కొలిచాను. లేజర్ 650 నానోమీటర్లు, 5 మిల్లీవాట్లు. 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) సీరియల్ డేటా నేరుగా లేజర్‌ని ఆన్, ఆఫ్ చేస్తుంది. రిసీవర్‌లో బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్ (వెలుతురుని కరెంటుగా మార్చేది), దానికి బయాస్ (బయటి వోల్టేజ్) లేదు. తర్వాత ఆ కరెంటుని వోల్టేజ్‌గా పెంచే టీఎల్072 ఆప్‌యాంప్ ఐసీ. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో) మార్చుకోవచ్చు కదా అని ఫీడ్‌బ్యాక్‌లో 1 మెగ్ పాట్ (10 లక్షల ఓముల తిప్పే రెసిస్టర్) పెట్టాను. అంతా బ్రెడ్‌బోర్డ్ మీదే.

టేబుల్ మీద పెడితే అవుట్‌పుట్ పోయి సప్లైకి అతుక్కుంటోంది. సరే అని పాట్ తగ్గిస్తూ పోతే స్కోప్ మీద ప్రతి అంచు పక్కనా గజ్జెలు కట్టినట్టు అలలు. ఇంకా తగ్గిస్తే లేజర్ ఆపేసినా సరే, దానంతటదే 700 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగుతోంది. రాత్రి డాబా మీద పాట్ ఫుల్లుగా పెడితే సిగ్నల్ వస్తుంది గానీ అంచులు గుండ్రంగా ఉండి డేటాలో తప్పులు. పగలు సరేసరి, గీత మాత్రమే కనిపిస్తుంది.

గెయిన్ తగ్గిస్తే బుద్ధిగా ఉండాలి కదా, ఇది ఉల్టాగా ఎందుకుంది? రివ్యూ 3 వారాల్లో ఉంది. టెన్షన్‌గా ఉంది.

#2 కోఠి_గల్లీ (హైదరాబాద్)

టీఎల్072 ఎక్కడ కొన్నావ్ తమ్మీ? ఆన్‌లైన్‌లో పది రూపాయలకి వచ్చేవి పైన అచ్చు మాత్రమే టీఎల్072. మా గుజరాతీ గల్లీలో కూడా షాపు చూసి కొనాలి. ముందు ఐసీ మార్చి చూడు.

#3 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

ఐసీని తిట్టకండి, పాపం దాని తప్పేమీ లేదు. అసలు టీఎల్072 అయినా ఇలాగే అరుస్తుంది.

బాబూ, గెయిన్ తగ్గిస్తే నిలకడ వస్తుందనేది ఆప్‌యాంప్‌ల దగ్గర చాలామందికి ఉండే అపోహ. నీ సర్క్యూట్‌లో జరిగేది ఇది. ఫొటోడయోడ్ కరెంటు ఇచ్చే మూలం మాత్రమే కాదు, అదొక కెపాసిటర్ కూడా. బీపీడబ్ల్యూ34కి బయాస్ లేకపోతే దాదాపు 70 పీఎఫ్ (పికోఫారడ్లు) ఉంటుంది. ఆప్‌యాంప్ కాలు, బ్రెడ్‌బోర్డ్ చాళ్ళు కలిపి ఇంకో 20 అనుకో. మొత్తం 90. అవుట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ద్వారా వెనక్కి వచ్చే కబురు ముందు ఈ 90 పీఎఫ్‌ని నింపుకుంటూ రావాలి. అందుకే ఆలస్యంగా చేరుతుంది. ఆప్‌యాంప్‌కి తన సొంత ఆలస్యం ఎలాగూ ఉంది. రెండూ కలిసి సగం చక్రం అయ్యాయా, సరిదిద్దాల్సిన ఫీడ్‌బ్యాకే ఊయల తోయడం మొదలుపెడుతుంది.

దీనికి మందు రెసిస్టర్‌కి అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్. వేగంగా మారే కబురుకి అది అడ్డదారి చూపిస్తుంది. ఎంత చిన్నది అన్నదే లెక్క. టీఎల్072 గెయిన్ బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్. దాన్ని (2 × పై × రెసిస్టర్ × ఇన్‌పుట్ కెపాసిటెన్స్)తో భాగించి వర్గమూలం తీస్తే నీకు దొరికే బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగం సిగ్నల్ దాకా దాటుతుందో) వస్తుంది. 1 మెగ్‌కి 73 కిలోహెర్ట్జ్. నీ అంచులు గుండ్రంగా ఉన్నది అందుకే. దానికి కావాల్సిన కెపాసిటర్ 2.2 పీఎఫ్. నువ్వు పెట్టకపోయినా బ్రెడ్‌బోర్డ్ పక్కపక్క చాళ్ళే ఆ 2 పీఎఫ్ ఉచితంగా ఇచ్చేశాయి.

ఇప్పుడు పాట్‌ని 10కే (10 వేల ఓములు) దాకా తిప్పు. అదే లెక్క 730 కిలోహెర్ట్జ్ అంటుంది, కావాల్సిన కెపాసిటర్ 22 పీఎఫ్ అంటుంది. నీ దగ్గరున్నది ఆ ఉచిత 2 పీఎఫే. నువ్వు స్కోప్ మీద చూసిన 700 ఎక్కడిదో తెలిసిందా?

పాట్ తిప్పినప్పుడల్లా కెపాసిటర్ కూడా మార్చాలి. అది కుదిరే పని కాదు. కాబట్టి మొదటి స్టేజీలో పాట్ తీసెయ్.

#4 డాబా_లేజర్

మాస్టారూ, 22 పీఎఫ్ అడ్డంగా గుచ్చాను. 10కే దగ్గర గజ్జెలు మాయం! కానీ 1 మెగ్‌కి తిప్పితే డేటా మొత్తం ముద్దయిపోయింది. మీరు చెప్పినట్టే.

ఒక చిక్కు. ప్రాజెక్టు టైటిల్‌లోనే 'వేరియబుల్ గెయిన్' అని రాసి సబ్మిట్ చేసేశాం. పాట్ తీసేస్తే గైడ్ ఏమంటారో.

#5 నాయిస్_ఫ్లోర్ (బెంగళూరు)

టైటిల్ కోసం సర్క్యూట్ డిజైన్ చేయడం మన కాలేజీల్లో కొత్తేమీ కాదులే :) వేరియబుల్ గెయిన్ ఉండొచ్చు, కానీ రెండో స్టేజీలో. మొదటిది కదలకుండా ఉండాలి.

డిజిటల్ పాట్ పెడదామా అని అడుగుతావేమో, వద్దు. దాని వైపర్ (జరిగే కాలు) దగ్గర పదుల పీఎఫ్‌లు ఉంటాయి, సరిగ్గా అత్యంత సున్నితమైన చోట తగిలించినట్టవుతుంది. పాట్‌కి పొడుగు వైర్లు కట్టి బాక్స్ ముందుకు తెచ్చావనుకో, ఇంట్లో కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్ మొత్తం ఆ వైర్లు పట్టుకొస్తాయి. ఆ ఇన్‌వర్టింగ్ కాలు, డయోడ్ కాలు, రెసిస్టర్ కాలు మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. నేను ఆ మూడింటినీ గాల్లోనే కలిపి సోల్డర్ చేస్తాను, బోర్డుకి తగలనివ్వను. చూడ్డానికి సాలెగూడులా ఉంటుంది. మా టీమ్‌లో నవ్వుతారు. రీడింగ్ చూశాక నవ్వరు.

#6 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

డయోడ్‌కి రివర్స్ బయాస్ కూడా పెట్టు బాబూ. 5 వోల్టులు పెడితే చాలు, 70 పీఎఫ్ కాస్తా 25 లోపుకి వస్తుంది. లోపలి ఖాళీ పొర వెడల్పవడమే కారణం. కొన్ని నానోఆంప్‌ల చీకటి కరెంటు పెరుగుతుంది, నీకు అది లెక్కలోకి రాదు. బయాస్ సప్లైకి 1కే, 100 నానోఫారడ్ ఫిల్టర్ మర్చిపోకు. లేకపోతే సప్లైలో ఉన్న చెత్తంతా ఆ డయోడ్ కెపాసిటెన్స్ గుండా లోపలికి వస్తుంది.

ఐసీ ఎంసీపీ6022 వాడు. 10 మెగాహెర్ట్జ్, బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చుకునే 8 కాళ్ళ ప్యాకేజీలో కూడా దొరుకుతుంది. 5 వోల్టులకి మించి ఇవ్వకు. రెసిస్టర్ 100కే, దాని మీద 4.7 పీఎఫ్. ఇన్‌పుట్ దగ్గర మొత్తం 35 పీఎఫ్ అనుకుంటే నిలకడకి 2.4 చాలు. 4.7 పెడితే బ్యాండ్‌విడ్త్ 340 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. 115200 బాడ్‌కి అదే ఎక్కువ. అవసరం లేని బ్యాండ్‌విడ్త్ నాయిస్‌కి తలుపు తెరిచి పెట్టడమే.

#7 డల్లాస్_డీబీ

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇప్పుడే తెల్లారింది. ఫైబర్ రిసీవర్ల మీద చాలా ఏళ్ళు పనిచేశాను. ఒక్క మాట. గెయిన్ ఎంత మారాలో లెక్క వేయకుండా ఐసీ ఎంచుకోవద్దు.

పాయింటర్ లేజర్ కిరణం మీటరుకి మిల్లీమీటరు చొప్పున వెడల్పవుతుందనుకుందాం. 120 మీటర్ల దగ్గర చుక్క 12 సెంటీమీటర్ల పళ్ళెం అవుతుంది. నీ డయోడ్ వైశాల్యం 7.5 చదరపు మిల్లీమీటర్లు. పళ్ళెంలో దాని వాటా పదివేలలో 6 లేదా 7 వంతులు. 5 మిల్లీవాట్లలో 3.3 మైక్రోవాట్లు. 650 దగ్గర సిలికాన్ వాట్‌కి సుమారు 0.42 ఆంపియర్ ఇస్తుంది కాబట్టి 1.4 మైక్రోఆంప్. 100కే మీద 140 మిల్లీవోల్టులు. బాగుంది.

టేబుల్ మీద మొత్తం కిరణం డయోడ్‌లోనే పడుతుంది. 2.1 మిల్లీఆంప్. 100కే మీద 210 వోల్టులు కావాలి! అతుక్కోక ఏం చేస్తుంది?

రెండింటికీ తేడా 1500 రెట్లు. ఇది ఎన్ని డీబీ (డెసిబెల్)?

#8 కోఠి_గల్లీ

32. లాగ్ 1500 ఇంటూ 10. గెయిన్ మార్చుకునే ఏడీ603 మాడ్యూల్, 42 డీబీ రేంజ్‌ది, మా దగ్గర ఉంది. ఇంకా 10 మిగులు. పంపించమంటావా?

#9 డల్లాస్_డీబీ

అన్నా, సరిగ్గా ఇక్కడే అందరూ పడతారు. నేనూ మొదటి ఉద్యోగంలో పడ్డాను, మీటింగ్‌లో, 12 మంది ముందు.

వెలుతురు వైపు 32 డీబీ నిజమే, అక్కడ పవర్ కాబట్టి 10 లాగ్. కానీ డయోడ్ పవర్‌ని కరెంటుగా మారుస్తుంది. వెలుతురు 10 రెట్లు తగ్గితే వోల్టేజ్ కూడా 10 రెట్లు తగ్గుతుంది. వోల్టేజ్‌కి 20 లాగ్. కాబట్టి ఐసీ చూసే తేడా 64 డీబీ. ఆప్టికల్‌లో 1 డీబీ అంటే ఎలక్ట్రికల్‌లో 2. ఏడీ603 ఇచ్చే 42లో వెలుతురు పరంగా 21 మాత్రమే చేతికి వస్తుంది.

#10 కోఠి_గల్లీ

అయ్య బాబోయ్. 11 ఏళ్ళుగా అమ్ముతున్నా, ఒక్కరూ చెప్పలేదు.

#11 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

లెక్క బాగుంది. అయితే టేబుల్ మీది 2 మిల్లీఆంప్‌లని పట్టుకోవాల్సిన అవసరం ఈ అబ్బాయికి ఉందా? లింకు పనిచేసేది డాబా మీద. టేబుల్ మీద పరీక్షకి గెయిన్ తగ్గించకు బాబూ, వెలుతురు తగ్గించు. డయోడ్ ముందు తెల్ల కాగితం పెట్టు, చాలకపోతే రెండు మడతలు. మా రోజుల్లో పాత ఎక్స్‌రే ఫిల్మ్ నల్ల ముక్క పెట్టేవాళ్ళం. పైసా ఖర్చు లేదు, ఏ స్టేజీకీ ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి. ఏడీ603 రెండో స్టేజీలో ఉంటుంది. మొదటి స్టేజీయే సప్లైకి అతుక్కుంటే వెనకాల గెయిన్ ఎంత తగ్గించినా ఆ అతుక్కున్న గీతే చిన్నదై కనిపిస్తుంది. మొదటి బిందెలోనే నీళ్ళు పొర్లిపోతుంటే రెండో బిందె కుళాయి తిప్పి ఏం లాభం?

#12 డల్లాస్_డీబీ

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. అయితే డాబా మీద మారేది ఎంత? ఒకటి, చుక్క పక్కకి జరగడం. ఎండకి గోడలు, స్టాండ్ కదులుతాయి, దానికి ఆప్టికల్‌గా 6 డీబీ వేసుకుందాం. రెండు, పొగమంచు. 200 మీటర్ల వరకే కనిపించే మంచులో కిలోమీటరుకి దాదాపు 85 డీబీ పోతుంది, 120 మీటర్లకి 10. మొత్తం ఆప్టికల్ 16, ఎలక్ట్రికల్ 32. ఇప్పుడు ఏడీ603 సరిపోతుంది. గల్లీ అన్నా, పంపించెయ్.

దుర్భిణి లెన్స్ పెట్టాలన్న ఆలోచన ఉంటే ఆగు. 5 సెంటీమీటర్ల భూతద్దం పెడితే కరెంటు 260 రెట్లు పెరిగి మళ్ళీ టేబుల్ మీది సమస్య డాబా ఎక్కుతుంది. కిలోమీటరు దూరం వెళ్ళినప్పుడు చూద్దువు.

ఊరికే గుర్తొచ్చింది. 1880లో వాషింగ్టన్‌లో ఒక బడి పైకప్పు మీద నుంచి గ్రాహం బెల్ ల్యాబ్ కిటికీకి 213 మీటర్ల దూరం ఆయన సహాయకుడు టెయింటర్ సూర్యకాంతి మీద మాట పంపించాడు. సెలీనియం రిసీవర్, యాంప్లిఫయర్ అనేదే లేదు. మన తమ్ముడికి ఇంకా 93 మీటర్లు బాకీ.

#13 నాయిస్_ఫ్లోర్

నాకు ఒక అభ్యంతరం ఉంది, కోపం తెచ్చుకోకండి. పంపేది ఒకట్లు, సున్నాలు. దానికి వేరియబుల్ గెయిన్ దేనికి? ఏసీ కప్లింగ్ (మారేదాన్ని మాత్రమే దాటించే కెపాసిటర్) పెట్టి, గట్టి గెయిన్‌తో కొట్టి, కంపారేటర్‌కి (ఒకటా సున్నానా తేల్చేది) ఇస్తే సిగ్నల్ 10 మిల్లీవోల్టులున్నా, వోల్టున్నా ఒకటే. ఫైబర్ రిసీవర్లలో లిమిటింగ్ యాంప్లిఫయర్ చేసేది అదే కదా. గెయిన్ మార్చాల్సింది ఎత్తు ముఖ్యమైనప్పుడు. మాటని అలాగే అనలాగ్‌గా పంపితే, లేదా వెనక్కొచ్చిన పల్స్ ఎంత పెద్దదో కొలవాలంటే.

#14 డల్లాస్_డీబీ

టెక్నికల్‌గా మీరు చెప్పిందే రైట్. కానీ ఆటోమేటిక్ గెయిన్ పెడితే కంట్రోల్ వోల్టేజ్ చూసి సిగ్నల్ ఎంత వస్తోందో చెప్పొచ్చు. లిమిటింగ్ యాంప్‌లో ఆ సమాచారం చచ్చిపోతుంది. డాబా మీద లేజర్‌ని గురిపెట్టేటప్పుడు ఆ సంఖ్య లేకపోతే చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే. పైగా టైటిల్ సబ్మిట్ అయిపోయిందట.

#15 నాయిస్_ఫ్లోర్

గురిపెట్టడానికి అంటే ఒప్పుకుంటా. టైటిల్‌కి అంటే ఒప్పుకోను.

#16 డాబా_లేజర్, 4 రోజుల తర్వాత

అప్‌డేట్. ఎంసీపీ6022, 100కే, 4.7 పీఎఫ్, మైనస్ 5 బయాస్. మూడు కాళ్ళూ గాల్లో కలిపి సోల్డర్ చేశాను (అమ్మ చూసి 'ఇదేంట్రా బూజు పట్టినట్టుంది' అంది). రాత్రి మొదటి స్టేజీ అవుట్‌పుట్ 120 మిల్లీవోల్టులు, అంచులు చక్కగా ఉన్నాయి. లెక్కలో 140 అన్నారు. ఇంత దగ్గరగా వస్తుందని అనుకోలేదు.

పగలు మాత్రం సున్నా. మధ్యాహ్నం 12కి 100కే తీసేసి డయోడ్ కరెంటు నేరుగా మీటర్‌తో కొలిస్తే 300 మైక్రోఆంప్‌లు. అంటే 100కే మీద 30 వోల్టులు. మీరన్న మొదటి బిందె ఇదే కదా?

ఇంకోటి. ఏడీ603 మాడ్యూల్ వచ్చింది. రాత్రి కలిపాను. మొదటి స్టేజీ అవుట్‌పుట్‌లో చతురస్రాలు ఉన్నాయి, ఏడీ603 తర్వాత చూస్తే ప్రతి అంచు దగ్గరా సన్నని మేకు. పైకి ఒకటి, కిందికి ఒకటి, మధ్యలో సున్నా. మాడ్యూల్ నకిలీదా?

#17 కోఠి_గల్లీ

నేను పంపింది నకిలీ కాదు!!

#18 నాయిస్_ఫ్లోర్

మధ్యలో ఎంత కప్లింగ్ కెపాసిటర్ పెట్టావు?

#19 డాబా_లేజర్

10 నానోఫారడ్. ఆడియో సర్క్యూట్లో అదే చూశాను.

#20 నాయిస్_ఫ్లోర్

దొరికింది దొంగ. ఏడీ603 ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 100 ఓములు మాత్రమే. మామూలు ఆప్‌యాంప్‌లా మెగ్‌లలో ఉండదు. 100 ఓములకి 10 నానోఫారడ్ అంటే 159 కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తుంది. నీ డేటా మొత్తం దాని కిందే ఉంది. అంచులు తప్ప ఏమీ దాటలేదు, అవే మేకులు. 10 మైక్రోఫారడ్ పెట్టు, 159 హెర్ట్జ్‌కి దిగుతుంది. పక్కనే 100 నానోఫారడ్ సిరామిక్ కూడా.

ఆ 100 ఓములని తోయడానికి ఎంసీపీ6022లో రెండో సగం ఖాళీగా ఉంది కదా, దాన్ని బఫర్‌గా వాడు. గల్లీ గారికి సారీ చెప్పు.

#21 డాబా_లేజర్

సారీ గల్లీ అన్నా 🙏 చతురస్రాలు వచ్చేశాయి.

#22 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

ఇక ఎండ సంగతి. ముందు సర్క్యూట్ జోలికి వెళ్ళకు. అడుగున్నర పీవీసీ పైపు తీసుకుని లోపల నల్ల రంగు, మెరుపు లేనిది, పూసి డయోడ్‌ని అడుగున పెట్టు. ఆకాశం చాలామటుకు పోతుంది. పైపు మూతికి 650 మధ్యగా 10 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్ గాజు పెడితే ఇంకా మేలు, కాకపోతే ధర ఎక్కువ. అది లేకపోతే ఎర్ర జెలటిన్ కాగితంతో కొంత పని జరుగుతుంది. సూర్యుడే నేరుగా పైపులోకి చూస్తే, ఆ ఫిల్టర్ ఉన్నా 45 మైక్రోఆంప్‌ల దాకా వస్తుంది. అందుకని రిసీవర్‌ని తూర్పుకో పడమరకో తిప్పకు. నీ వీధి ఏ దిక్కు?

#23 డాబా_లేజర్

ఉత్తరం దక్షిణం. రిసీవర్ ఉత్తరం వైపు చూస్తుంది. వాస్తు బాగుందన్నమాట :)

కాలేజీ ల్యాబ్‌లో ఆ ఫిల్టర్ ఒకటి బీరువాలో ఉందట, సంతకం పెట్టి తెచ్చుకున్నాను. పైపు, ఫిల్టర్ పెట్టాక మధ్యాహ్నం 8 మైక్రోఆంప్‌లే! 300 నుంచి 8. అవుట్‌పుట్ 0.8 వోల్టుల మీద కూర్చుంది, దాని మీద డేటా స్పష్టంగా కనిపిస్తోంది. రెసిస్టర్‌ని 470కే చేస్తే నాయిస్ ఇంకా తగ్గుతుందా?

#24 నాయిస్_ఫ్లోర్

తగ్గదు. దీనికి నేను వాడే గుర్తు 50 మిల్లీవోల్టులు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద నిలకడగా పడే వోల్టేజ్ 50 మిల్లీవోల్టులు దాటిందంటే అక్కడ రాజ్యం చేసేది రెసిస్టర్ నాయిస్ కాదు, వెలుతురు నాయిస్. ఫొటాన్లు వానచినుకుల్లా ఒక లెక్కాపత్రం లేకుండా పడతాయి కదా, ఆ గలగల. నీకు 800 మిల్లీవోల్టులు ఉన్నాయి. 8 మైక్రోఆంప్‌లకి ఆ గలగల రూట్ హెర్ట్జ్‌కి 1.6 పికోఆంప్. 100కే రెసిస్టర్‌ది 0.4 మాత్రమే. రెసిస్టర్ పెంచితే ఆ 0.4 తగ్గుతుంది, 1.6 కదలదు. పైగా 470కే మీద 3.8 వోల్టులు పడి 5 వోల్టుల సప్లైకి దగ్గరవుతావు.

మొత్తం నాయిస్ నీ బ్యాండ్‌విడ్త్‌లో 1.2, 1.3 నానోఆంప్ ఉంటుంది. సిగ్నల్ 1.2 మైక్రోఆంప్. వెయ్యి రెట్లు. హాయిగా పడుకో.

రాత్రి చీకట్లో వేరే కథ. అప్పుడు రెసిస్టర్ పెద్దదైతే లాభం ఉంటుంది, కానీ నీకు అవసరం లేదు.

#25 లైడార్_లత (తిరుపతి)

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను దూరం కొలిచే లేజర్ చేస్తున్నాను. పల్స్ వెళ్ళి గోడకి తగిలి రావాలి. 1 మీటరు గోడ నుంచి వచ్చేదానికీ 100 మీటర్ల గోడకీ పదివేల రెట్లు తేడా. ఆటోమేటిక్ గెయిన్ పెడితే అది మేల్కొనేలోపు పల్స్ వెళ్ళిపోతోంది. ఎలా?

#26 డల్లాస్_డీబీ

మీకు ఆటోమేటిక్ కాదు, టైమ్‌తో పెరిగే గెయిన్ కావాలి. ముందే తెలిసిన విషయం కదా, 1 మైక్రోసెకను తర్వాత వచ్చేది 150 మీటర్ల నుంచి వచ్చినట్టు. లేజర్ పేలిన క్షణంలో కంట్రోల్ వోల్టేజ్ అడుగున ఉంచి, అక్కడి నుంచి దూరం వర్గం ప్రకారం పెంచుకుంటూ పోండి. అల్ట్రాసౌండ్ స్కానింగ్ మెషీన్లు ఇదే పని చేస్తాయి. అవలాంచ్ ఫొటోడయోడ్ వాడితే దాని బయాస్ తగ్గించి కూడా గెయిన్ దించొచ్చు. అప్పుడు మొదటి బిందె కూడా పొర్లదు. కాకపోతే ఆ డయోడ్ గెయిన్ వేడికి మారుతుంది, తిరుపతి ఎండల్లో బయాస్‌ని టెంపరేచర్‌తో పాటు సరిచేయాలి.

గాదంకి వాతావరణ పరిశోధనశాల మీ పక్కనే. అక్కడి 532 నానోమీటర్ల లైడార్ (లేజర్ రాడార్) వెలుతురుని ఆకాశంలోకి పంపి వెనక్కొచ్చే ఫొటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. అక్కడా తల నొప్పి ఇదే. కింది గాలి నుంచి వచ్చేది ఎక్కువ, పైనుంచి వచ్చేది గుప్పెడు.

#27 మోడరేటర్

లత గారూ, ఇది మంచి ప్రశ్న. దీనికి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిసిపోతుంది.

డాబా_లేజర్‌కి ఒక మాట. 5 మిల్లీవాట్లు కంటికి ప్రమాదమే. కిరణం వీధిలో నడిచేవాళ్ళ తల ఎత్తుకి చాలా పైన ఉండాలి, అటు డాబా మీద రిసీవర్ వెనక నల్ల అట్ట ఉండాలి, తప్పిన వెలుతురు ఎవరి కిటికీలోకీ వెళ్ళకూడదు. గురిపెట్టేటప్పుడు లేజర్ వైపు కళ్ళు పెట్టి చూడొద్దు, ఫోన్ కెమెరాతో చూడండి.

#28 డాబా_లేజర్

అట్ట ఉంది సార్. కింద నుంచి మూడో అంతస్తు ఎత్తు.

ఇప్పుడు ఆటోమేటిక్ గెయిన్ లూప్ కలిపాను. ఏడీ603 అవుట్‌పుట్‌ని పీక్ డిటెక్టర్‌తో కొలిచి, 500 మిల్లీవోల్టుల దగ్గర నిలిచేలా కంట్రోల్ వోల్టేజ్‌కి ఇచ్చాను. డేటా పంపుతున్నంతసేపూ బ్రహ్మాండం. కానీ ఫైల్ అయిపోయి 2, 3 సెకన్లు ఆగి మళ్ళీ పంపితే మొదటి కొన్ని అక్షరాలు చెత్తగా వస్తున్నాయి. ఆగినప్పుడు అవుట్‌పుట్‌లో గడ్డిలా నాయిస్ లేస్తోంది.

#29 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

పంపేది ఏమీ లేనప్పుడు నీ లూప్ 'అయ్యో సిగ్నల్ తగ్గిపోయింది' అనుకుని గెయిన్ ఫుల్లు చేస్తుంది. అంతలో డేటా వస్తే దాని నెత్తి మీద పిడుగు పడినట్టు. సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కదలకుండా నిలబడుతుంది కదా, ఏసీ కప్లింగ్ తర్వాత అది సున్నాయే.

మాంచెస్టర్ కోడింగ్ చెయ్. ప్రతి బిట్‌లోనూ ఒక మార్పు ఉంటుంది కాబట్టి లైన్ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఖాళీ ఉన్నప్పుడు సున్నాలు పంపుతూ ఉండు. లూప్ వేగం కొన్ని మిల్లీసెకన్లు ఉంచు. బిట్ 9 మైక్రోసెకన్లదే, దాన్ని లూప్ పట్టించుకోదు. ఎండకి డాబా మీద గాలి వణికినప్పుడు వెలుతురు మినుకుమినుకుమంటుంది, అది సెకనుకి పదుల నుంచి ఒకటి రెండు వందల సార్లు. దాన్ని మాత్రం లూప్ పట్టుకుంటుంది.

మాంచెస్టర్‌కి బ్యాండ్‌విడ్త్ రెట్టింపు కావాలి. నీ 340 కిలోహెర్ట్జ్‌లో ఇముడుతుంది.

#30 కోఠి_గల్లీ

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌తో కలిసి ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ) వాళ్ళ ఎక్స్ సంస్థ వెలుతురు మీద ఇంటర్నెట్‌కి 2000 లింకులు పెడతామని ప్రకటించింది గుర్తుందా? 20 కిలోమీటర్లు, 20 గిగాబిట్లు అన్నారు. వాళ్ళకీ ఇదే తలనొప్పా?

#31 డల్లాస్_డీబీ

పొగమంచు, గాలి వణుకు, టవర్ ఊగడం, మూడూ అవే. వాళ్ళు బాక్స్ లోపల అద్దాలు కదిలించి గురి సరిచేసుకుంటారు. మన తమ్ముడు స్క్రూ తిప్పుతాడు.

#32 డాబా_లేజర్, రివ్యూ అయ్యాక

రివ్యూ బాగా జరిగింది. గైడ్ అడిగిన ఒకే ప్రశ్న, 'గెయిన్ మార్చే నాబ్ ఏది?' నాబ్ లేదు సార్, అదే మారుతుంది అన్నాను. మొదటి స్టేజీ ఎందుకు మారదో మాస్టారి 22 పీఎఫ్ లెక్క బోర్డు మీద వేశాను. ఎక్స్‌టర్నల్ సార్ రెండుసార్లు వేయించుకున్నారు.

ఈ పోస్టు మాత్రం రివ్యూ గురించి కాదు. పొద్దున 5:40కి గోదావరి వైపు నుంచి దట్టంగా మంచు దిగింది. పరిగెత్తుకెళ్ళి చూశాను, లింకు తెగలేదు. కంట్రోల్ వోల్టేజ్ రాత్రి 20 మిల్లీవోల్టులుండేది, పొద్దున 420. ఏడీ603కి 25 మిల్లీవోల్టులు ఒక డీబీ. 400 అంటే 16 డీబీ, వెలుతురులో 8. 120 మీటర్లలో 8 అంటే కిలోమీటరుకి 67. డల్లాస్ అన్న లెక్క తిరగేస్తే 250 మీటర్ల వరకే కనిపించాలి. ఫ్రెండ్ వాళ్ళ డాబా మీద నల్ల వాటర్ ట్యాంకు మసగ్గా కనిపిస్తోంది. అర కిలోమీటరు అవతలి గుడి గోపురం కనిపించలేదు.

#33 ఫీడ్‌బ్యాక్_మాస్టారు

శభాష్. ఫిల్టర్ గాజు మీద మంచు పట్టిందేమో తుడిచి చూశావా?

#34 డాబా_లేజర్

తుడవలేదు! ఆగండి, వెళ్తున్నా.

#35 డాబా_లేజర్, 6:05

మెత్తని గుడ్డతో తుడిచాను. 420 నుంచి 360కి దిగింది. అంటే వెలుతురులో 1.2 డీబీ గాజు మీదిదే, గాలిలోది 6.8. ఇప్పుడు లెక్క 300 మీటర్లు అంటోంది. పైపుని ఇంకో 2 అంగుళాలు ముందుకు పొడిగించి, గాజుని లోపలికి జరుపుతున్నాను.